మాటకు లోబడు యంత్రము

కర్నూలు జిల్లాకు పడమటి కొసను, కర్ణాటకపు ఎల్లకు చేరువగా, ఆలూరు కలదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు బళ్లారి జిల్లానుండి విడివడి వచ్చిన మూడు తాలూకాలలో ఆలూరు ఒకటి. తక్కినవి ఆదోని, రాయదుర్గము. అచ్చటి సంతలో తెలుగును కన్నడమును ప్రక్కప్రక్కనే వినబడును. నేల విరివిగా నల్లరేగడి. వాన మాత్రము నమ్మరానిది. అట్టి చోట బ్రదుకువాడు దేనిని గాని తేలికగా పారవేయడు. మడకకఱ్ఱు అరిగినచో కొలిమికి కొనిపోయి సాగగొట్టించును. గొర్రుపల్లు విరిగినచో క్రొత్తపల్లు దిగవేయును. పనిముట్టును విప్పి చూచుట, లోపమెచ్చటనో కనుగొనుట, బాగుచేసి మరల పొలమునకు దింపుట, ఇవి అచ్చటి రైతునకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యలు.

ఆ రైతుబిడ్డయే బడిలోనో ఇంటిలోనో కంప్యూటరుముందు కూర్చుండినపుడు ఆ విద్యను మఱచిపోవుచున్నాడు. యంత్రము మందగించినచో "పాతబడినది, క్రొత్తది కొనవలెను" అనుచున్నాడు. దాని కడుపులో ఏ వస్తువు ఎంత చోటు ఆక్రమించినదో, ఏ పని తెరవెనుక నిలువక నడచుచు బలమును హరించుచున్నదో చూడవలెనను తలపే వానికి కలుగుటలేదు. ఇది వాని దోషము కాదు. తెరపైని బొమ్మలను ఒత్తుట తప్ప వేఱొక దారి కలదని వానికి చెప్పినవారు లేరు. ఆ వేఱొక దారికి టెర్మినలని పేరు. కంప్యూటరు నేర్చు పిల్లలకు ఆ దారిని ఇంజనీరింగు చదువువఱకు దాచియుంచక, ఎనిమిదవ తరగతినాటికే చూపుట మంచిది.

టెర్మినలును తెఱచినచో కనబడునది నల్లని పలక యొక్కటి. దానిపై మినుకుమినుకుమను చిన్న గీత. బొమ్మలు లేవు, రంగులు లేవు. ఆ గీత యున్నచోట ఒక మాట వ్రాసి ఎంటరు మీటను నొక్కినచో, యంత్రము ఆ మాటను చదివి, చెప్పిన పనిని చేసి, ఫలితమును క్రింది పంక్తిలో వ్రాయును. మాటను చదివి అర్థము చేసికొను భాగమునకు షెల్ అని పేరు. ఇది లైనక్సు కంప్యూటర్లలోనే కాదు, మాక్ యంత్రములందును కలదు. విండోస్ యంత్రములలో కమాండ్ ప్రాంప్ట్ అనియు, పవర్‌షెల్ అనియు వేఱు పేర్లతో నున్నది. జేబులోని ఆండ్రాయిడు ఫోనునకు సైతము లోపలి మూలము లైనక్సే. కావున ఈ విద్య ఏదో యొక అరుదైన యంత్రమునకు మాత్రము చెందినదని యెవ్వరును అనుకొనరాదు.

చూపునకు పాతగా తోచు ఈ పద్ధతి నిజముగా పాతదే. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మింప మొదలిడిరి. అప్పుడు తెరలు అరుదు. టెలిటైపను యంత్రము గడగడలాడుచు కాగితముపై అచ్చువేయుచుండెను. క్షణమునకు పది అక్షరములకంటె ఎక్కువ వ్రాయలేకుండెను. అందుచేత ఆ నిర్మాతలు ఆజ్ఞలను వీలైనంత కుఱుచ చేసిరి. ఫోల్డరులో నేమేమి కలవో చూపుమనుటకు "ఎల్ ఎస్" అను రెండక్షరములు. వేఱొక ఫోల్డరులోనికి పోవుటకు "సి డి". నకలు తీయుటకు "సి పి". చోటు మార్చుటకు "ఎమ్ వి". తుడిచివేయుటకు "ఆర్ ఎమ్". టెలిటైపులు మూలబడి యెన్నో ఏండ్లయినను, ఆ రెండక్షరముల ఆజ్ఞలు నేటికిని చెక్కుచెదరక పనిచేయుచున్నవి. ఏటేట ముఖము మార్చుకొను ఈ శాస్త్రమున, నేర్చినది అరువదేండ్లకు చేరువగా చెల్లుబాటగుట చిన్న విషయము కాదు. బొమ్మల మెనూలను కష్టపడి కంఠస్థము చేసినవాడు మఱుసటి సంవత్సరము క్రొత్త రూపము రాగానే మరల వెదకులాడవలసినవాడే.

వ్యాకరణము చదివిన విద్యార్థికి ఆజ్ఞల కూర్పు వింతగా తోచదు. మొదట వచ్చునది క్రియ. అటుపిమ్మట చిన్న గీతతో మొదలగు అక్షరములు వచ్చును; అవి ఆ క్రియ ఏ విధముగా జరుగవలెనో తెలుపు విశేషణములు. తుదను వచ్చునది కర్మ, అనగా ఏ ఫైలుపై పని జరుగవలెనో దాని పేరు. తెలుగున క్రియ వాక్యము చివర నిలుచును. ఇచ్చట ముందు నిలుచును. "నకలు తీయుము, లోపలి ఫోల్డరులతో గూడ, పాఠములను" అన్నట్లుండును. భేదమింతియే. ఇరువది క్రియలను, ఒక్కొక్కదానికి రెండు మూడు విశేషణములను ఎఱిగినవాడు తన కంప్యూటరుతో దినవ్యవహారమంతయు నడపుకొనగలడు. బాలవ్యాకరణములోని సంధిసూత్రముల నప్పగించువానికి ఇదియొక బరువా?

ఈ పద్ధతికి నిజమైన బలము ఒక ఆజ్ఞయొక్క ఫలితమును మఱియొక ఆజ్ఞకు అందించుటలో నున్నది. డగ్లస్ మెకిల్‌రాయ్ అనునాతడు ఈ ఆలోచనను చెప్పగా, 1973లో థాంప్సన్ దానిని యూనిక్సులో చేర్చెను. దానికి పైపు, అనగా గొట్టము, అని పేరు. ఒక నిలువుగీతచే సూచింపబడును. కపిలతో తోడిన నీరు తొట్టిలో పడి, అచ్చటనుండి కాలువకు, కాలువనుండి మడికి పాఱినట్లు, ఒక ఆజ్ఞ విడిచిన అక్షరములు తరువాతి ఆజ్ఞలోనికి పాఱును. ఆలూరి ఉన్నతపాఠశాలవంటి బడిలో మూడువందల మంది పిల్లలున్నారనుకొందురు గాక. ఎవరెవరు ఏ యే ఊరినుండి వచ్చుచున్నారో ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క పేరుగా ఫైలులో వ్రాసి యున్నది: ఆస్పరి, చిప్పగిరి, హాలహర్వి, మరల ఆస్పరి, ఇట్లు కలగాపులగముగా. ఏ ఊరినుండి ఎందఱు? చేతితో లెక్కించినచో ఒక పీరియడు గడచును. మధ్య నెవరైన పలుకరించినచో మొదటికి వచ్చును. టెర్మినలులో "సార్ట్" అను ఆజ్ఞ ఆ పేర్లను వరుసగా పేర్చును. దానినుండి పాఱిన వరుసను "యునీక్" అను ఆజ్ఞ అందుకొని ఒకే పేరు ఎన్నిమార్లు వచ్చెనో ప్రక్కన అంకె వేయును. మరల "సార్ట్" ఆ అంకెలనుబట్టి పెద్దదానిని పైకి తెచ్చును. ముగ్గురు పనివాండ్రు, రెండు గొట్టములు, ఒక్క పంక్తి. జవాబు రెప్పపాటులో వచ్చును. మఱునాడు పదిమంది క్రొత్తగా చేరినను ఆ పంక్తియే మరల పనిచేయును. పైబాణపు మీటను నొక్కినచో నిన్న వ్రాసిన ఆజ్ఞ నేడు మరల వచ్చి నిలుచును గనుక తిరిగి వ్రాయు శ్రమయు లేదు.

దీనిపై పెద్దలు కొందఱు ఒక ఆక్షేపణ చేయుదురు. బొమ్మలపై ఒత్తుట సులువు గదా, పిల్లలకు ఈ కష్టమేల అని. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. చిత్రమును గీయుటకు, ఛాయాచిత్రమును దిద్దుటకు మౌసే మేలు. టెర్మినలుతో చిత్రము గీయబూనినవాడు ముల్లుగఱ్ఱతో ముగ్గు పెట్టబోయినవానితో సమానుడు. కాని బొమ్మలు చూపునది వానిని చేసినవారు చూపదలచినంత మాత్రమే. వారు తలుపు పెట్టిన చోటనే ప్రవేశము, పెట్టనిచోట గోడ. మాటకు అట్టి గోడలు తక్కువ. పైగా చేసిన పనిని మఱియొకరికి చెప్పుటలో గల తేడాను చూడవలెను. "పై కుడిమూలను పండ్లచక్రమువలె నున్న బొమ్మను ఒత్తుము, అందులో మూడవది, కాదు నాలుగవది" అని ఫోనులో చెప్పి చెప్పి అలసిపోయినవారెందఱో కలరు. ఆజ్ఞ యైనచో ఒక చీటిపై వ్రాసి యిచ్చిన చాలును. అక్షరమునకు గల ఈ సౌకర్యమును వేల యేండ్లుగా మనుష్యులు అనుభవించుచునే యున్నారు. కంప్యూటరు దగ్గఱ దానిని వదలుకొనుటకు కారణము కనబడదు.

ఈ విద్యకు ధనముతో గల సంబంధము ఇక చూడదగినది. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను వ్యవస్థకు దాని సంస్థ సాధారణ పోషణను నిలిపివేసినది. తరువాతిదైన విండోస్ 11 కొన్ని క్రొత్త భాగములు లేని పాత యంత్రములను అంగీకరింపదు. అనగా చక్కగా పనిచేయుచున్న కంప్యూటర్లు ప్రపంచమంతట ఒక్కమాఱుగా "పాతవి" యైనవి. పట్టణములోని ధనికునకు ఇది చిన్న చికాకు. ఆలూరువంటి ఊళ్లలో, ఏటి పంట చేతికి వచ్చునో రాదో తెలియని ఇండ్లలో, రెండవచేతి కంప్యూటరే గొప్పసొత్తుగా కొనినవారికి ఇది చిన్న విషయము కాదు. ఆ యంత్రములపై తేలికపాటి లైనక్సును నిలిపినచో అవి మఱికొన్ని యేండ్లు నిశ్చింతగా పనిచేయును. దానికి వెల యేమియు లేదు. కాని నిలిపినవాడు దానిని కనిపెట్టుకొని యుండగలుగవలెను. ఆ కనిపెట్టుకొనుట టెర్మినలుతోనే చక్కగా సాగును.

అది ఎట్లనగా: యంత్రము మందగించినది. "డి ఎఫ్" అను ఆజ్ఞ డిస్కులో ఎంత నిండినదో, ఎంత మిగిలినదో చెప్పును. నిండినచో "డి యు" అను ఆజ్ఞ ఏ ఫోల్డరు ఎంత మ్రింగినదో చెప్పును. దానిని సార్టునకు పాఱించినచో పెద్ద తిండిపోతు ఎవరో చివరి పంక్తిలో బయటపడును. తఱచుగా అది ఎన్నడో దించుకొని మఱచిపోయిన సినిమా యగుచుండును. డిస్కు ఖాళీగానే యుండి యంత్రము మందగించినచో "టాప్" అను ఆజ్ఞను పిలువవలెను. అప్పుడు జరుగుచున్న పనులన్నియు, ఏది ఎంత శక్తిని, ఎంత స్మృతిని వాడుచున్నదో, క్షణక్షణము మాఱుచు తెరపై నిలుచును. అక్కఱలేనిదానిని దాని సంఖ్యతో పిలిచి "కిల్" అను ఆజ్ఞతో ఆపవచ్చును. ఆ పేరు వినుటకు క్రూరముగా నున్నను, నిజమునకు అది మొదట ఆ పనిని మర్యాదగా ముగింపుమని కోరుటయే. విననిచో తొమ్మిదవ సంఖ్యను చేర్చి గట్టిగా చెప్పవలసియుండును. ప్రతిదినము సాయంకాలము పాఠముల ఫోల్డరును వేఱొక డిస్కునకు నకలు తీయుమని "క్రాన్" అను పనివానికి ఒక్కమాఱు చెప్పినచో, యంత్రము నడచుచున్నంతకాలము అది వేళ తప్పదు. కరెంటు ఎప్పుడు పోవునో తెలియని ఊరిలో ఈ యొక్క పంక్తి విలువ ఎంతయో అనుభవించినవారికే తెలియును.

"ఇన్ని మాటలను ఎట్లు గుర్తుంచుకొనుట?" అని విద్యార్థి వెనుకాడవచ్చును. అన్నిటిని గుర్తుంచుకొనువారెవ్వరును లేరు. 1971 నవంబరులోనే యూనిక్సు నిర్మాతలు ఆజ్ఞల వివరణగ్రంథమును సిద్ధపఱచిరి; ఆ సంప్రదాయము నేటికిని "మాన్" అను ఆజ్ఞ రూపమున యంత్రములోనే యుండును. "మాన్" అని వ్రాసి ప్రక్కన ఏ ఆజ్ఞ పేరు వ్రాసినను దాని వివరణ తెరపైకి వచ్చును. ఇంటర్నెట్టుతో పనిలేదు, సిగ్నలు లేని మిద్దెపైన గూడ చదువుకొనవచ్చును. ఒక్క కొఱత కలదు. తెలుగు పిల్లవాడు తెఱచి చూచినచో ఆ వివరణలు ఇంగ్లీషుననే ఎదురగును. తెలుగు పండితులును, కంప్యూటరు నెఱిగినవారును కలిసి కూర్చుండి చేయదగిన పని యిది. నిఘంటువులకై జీవితములను ధారపోసినవారికి తెలుగునాట కొదవ లేదు. కడపయందు ఉద్యోగముచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తెలుగు తన తల్లిభాష కాకున్నను, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఇరువది ఆజ్ఞల వివరణలను తెలుగున వ్రాయుట దానిముందు ఎంత పని?

భాషను గూర్చిన మాట వచ్చినది గనుక దానిని ఇంకను కొంత చెప్పవలెను. ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరములలో నున్నవి కావున ఇంగ్లీషు రానివానికి ఇవి యందవని పలువురి భ్రమ. "ఎల్ ఎస్" అనునది ఇంగ్లీషు మాటయు కాదు. ఇంగ్లండున పుట్టిన పిల్లవాడును దానిని నేర్చికొనవలసినదే. అంతేకాదు, షెల్‌లో "ఎలియాస్" అను ఏర్పాటు కలదు. ఉన్న ఆజ్ఞకు ఇష్టము వచ్చిన మాఱుపేరు పెట్టుకొనుటకు అది వీలు కల్పించును. బ్రయన్ ఫాక్స్ 1989లో వెలువరించిన బాష్ అను షెల్‌లో ఆ మాఱుపేరు తెలుగు లిపిలోనే యుండవచ్చును. "జాబితా" అని తెలుగున వ్రాసినచో ఫోల్డరులోని ఫైళ్లను చూపునట్లును, "చోటెంత" అని వ్రాసినచో డిస్కు లెక్క చెప్పునట్లును ఆలూరి పిల్లవాడు తన యంత్రమును తన నుడికారమునకు దిద్దుకొనగలడు. తెలుగున ఆజ్ఞాపింపగా పనిచేసిన యంత్రమును చూచిన పిల్లవాని ముఖము చూడదగినది.

తెలుగు లిపికి కంప్యూటరులో ఈ గౌరవము ఊరక రాలేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు అక్షరములకు చోటు దొఱకినది. అవి తెరపై చక్కగా కనబడుటకు మునుపే, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు తెలుగును రోమను అక్షరములలో వ్రాయుటకు ఒక పద్ధతిని ఏర్పఱచిరి. అట్లు వ్రాసినదానిని తెలుగు లిపిలోనికి మార్చు "రిట్" అను పనిముట్టును అచ్చటనే పుట్టినది. స్వదేశమునకు వేలమైళ్ల దూరమున తెలుగువారు తమ లిపిని కంప్యూటరుపై చూచుకొనుటకు చేసిన తొలి యత్నములలో అది యొకటి. పిమ్మట 2005లో హైదరాబాదు కేంద్రముగా "స్వేచ్ఛ" అను పేర తెలుగు ముఖముగల లైనక్సు వెలువడినది. ఆ పేరనే స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు ఉద్యమము తెలుగు విద్యార్థులలో వ్యాపించినది. స్వేచ్ఛాసాఫ్ట్‌వేరనగా వెలలేనిదని మాత్రము కాదు. దానిని విప్పి చూచుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు హక్కున్నదని యర్థము. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను పేర ఈ పనిని ప్రకటింపగా, ఫిన్లండు విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సు మూలమును వ్రాసి దానికి తోడుచేసెను. కొలిమిలో మడకను విప్పి చూచు రైతునకు ఈ హక్కు క్రొత్తది కాదు.

తన యంత్రములో తెలుగు ఎంత కలదో తెలిసికొనుటకును ఒక ఆజ్ఞ యున్నది. "ఎఫ్ సి లిస్ట్" అని వ్రాసి తెలుగుభాష గుర్తును చేర్చినచో తెలుగు అక్షరములుగల ఫాంట్లన్నిటి పేర్లు వచ్చును. వెల లేకుండ దొఱకు వానిలో ధూర్జటి, పెద్దన, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అను పేర్లుగల ఫాంట్లు కలవు. భువనవిజయము నల్లపలకపై కొలువుతీరినట్లుండును! కీబోర్డును తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికకు మార్చుటయు ఒక్క పంక్తి పనియే. ఐతే నిజము దాచరాదు. చాల టెర్మినలులు ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గడి చొప్పున కేటాయించును. గుణింతములును వత్తులును ఆ గడులలో ఇముడక చెదరిపోవుచుండును. "క్ష్మ" వంటి సంయుక్తాక్షరము ముక్కలై కనబడిన విద్యార్థి తాను తప్పు వ్రాసితినని దిగులు పడనక్కఱలేదు, తప్పు గడులది. ఆ గడులను సరిదిద్దువారు తెలుగువారే యైనచో బాగుగానుండును.

దూరమును జయించుటలో గూడ ఈ విద్య పల్లెలకు ఎక్కువ ఉపకరించును. 1995లో ఫిన్లండుకు చెందిన తాతు యులోనెన్ నిర్మించిన "ఎస్ ఎస్ హెచ్" అను సాధనముచే ఒకచోట కూర్చుండి ఎంతో దూరమందలి కంప్యూటరును రహస్యముగా, భద్రముగా ఆజ్ఞాపింపవచ్చును. బొమ్మలను దూరమునుండి తెచ్చుటకు బలమైన ఇంటర్నెట్టు కావలెను. అక్షరములు కొద్దిపాటి సిగ్నలుపైననే పోయివచ్చును. 2017 నవంబరు నుండి ప్రపంచములోని మేటి అయిదువందల సూపరుకంప్యూటర్ల పట్టికలో ఉన్నవన్నియు లైనక్సుపై నడచునవియే. వానిని వాడు శాస్త్రజ్ఞులు వానిముందు కూర్చుండి మౌసు కదపరు. దూరమునుండి ఆజ్ఞలు వ్రాయుదురు. వారు మొదట వ్రాయు రెండక్షరములును, ఆలూరి బడిలో పిల్లవాడు మొదట వ్రాయు రెండక్షరములును ఒక్కటే.

కడప జిల్లా ఇడుపులపాయయందు రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము 2008లో వెలసినది. పదవతరగతి ముగించిన పల్లెపిల్లలు అచ్చట చేరి ల్యాప్‌టాపులతో చదువు సాగింతురు. కర్నూలులో 2015నుండి కేంద్రప్రభుత్వపు ఐఐఐటీ కలదు. ఇట్టి చోట్లకు చేరగోరు పల్లెపిల్లవాడు పట్టణపు పిల్లవానితో ప్రక్కప్రక్కన కూర్చుండి మొదటిదినమే నల్లపలకను చూచి బిత్తఱపోవుట మంచిది కాదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకము కాలక్రమమున బడుల కంప్యూటర్లను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరునకు మరల్చినది. అచ్చట సాధ్యమైనది ఇచ్చట సాధ్యము కాదనుటకు హేతువు లేదు.

అపాయములను చెప్పక విద్యను పొగడుట వైద్యుడు పథ్యమును చెప్పక మందిచ్చుట వంటిది. "ఆర్ ఎమ్" అను ఆజ్ఞతో తుడిచినది చెత్తబుట్టలోనికి పోదు, పోయినది పోయినట్లే. దానికి లోపలి ఫోల్డరులతో గూడ అనియు, అడుగక చేయుమనియు విశేషణములు చేర్చినచో అది మాఱుమాట లేక అన్నిటిని తుడిచివేయును. ఇచ్చట ఒక్క ఖాళీ చాలును కొంప ముంచుటకు. తెలుగున "కలవరము" అని కలిపి చదివినచో తొట్రుపాటు. "కల వరము" అని విఱిచినచో స్వప్నము ఒకటి, దేవుడిచ్చునది యొకటి. అట్లే "పాత" అను మాటకు నక్షత్రపు గుర్తును అంటించి వ్రాసినచో ఆ పేరుతో మొదలగు ఫైళ్లు మాత్రము పోవును. నడుమ ఒక ఖాళీ పడినచో "పాత" అనునదియు, ఆ ఫోల్డరులోని సమస్తమును పోవును. పదచ్ఛేదమునందు మార్కులు పోగొట్టుకొన్నవాడు మరుపరీక్షలో తెచ్చుకొనగలడు. ఇచ్చట ఆ యవకాశము లేదు. కావున తుడుచు ఆజ్ఞను వ్రాయుటకు ముందు, అదే పేరుతో "ఎల్ ఎస్" వ్రాసి ఏమేమి కనబడునో చూచుకొనుట బుద్ధిమంతుల యలవాటు.

ఇంతకంటె పెద్ద యపాయము ఇతరులు వ్రాసిన ఆజ్ఞను అర్థము తెలియక అతికించుట. "సుడో" అను మాట ముందుంచిన ఆజ్ఞకు యంత్రముపై సర్వాధికారము లభించును. వీడియోలోనో, ఎవరో పంపిన సందేశములోనో కనబడిన పొడవైన పంక్తిని ఆ మాటతో గూడ అట్లే అతికించినవాడు, ముక్కుమొగము తెలియనివానికి ఇంటి తాళపుచెవి యిచ్చి సంతకు పోయినవానివంటివాడు. ఆ పంక్తిని ముక్కలుగా విడదీసి, క్రియ ఏది, విశేషణము ఏది, కర్మ ఏది అని తెలిసికొనినగాని ఎంటరు మీటను తాకరాదు. తెలుగు వాచకములో ప్రతిపదార్థము వ్రాయించుట ఎందులకని విసుగుకొను విద్యార్థులకు దాని యుపయోగము ఇచ్చట బోధపడును.

ఈ భయముచేతనే పెక్కు బడులలో కంప్యూటర్లకు ముసుగులు వేసి, పిల్లలను దూరమునుండి చూడనిచ్చుచున్నారు. పాడగునని భయపడి గొర్రును దొడ్డిలోనే యుంచిన రైతునకు విత్తు పడునా? బడికి ఉన్న యంత్రములలో మిక్కిలి పాతదానిని ఒకదానిని వేఱుపఱచి, అందు ముఖ్యమైనదేదియు ఉంచక, దానిపై ఏ ఆజ్ఞనైనను వ్రాసిచూచుటకు ఎనిమిదవ తరగతివారికి అనుమతి యీయవలెను. వారు దానిని తప్పక చెడగొట్టుదురు. చెడగొట్టినవారే పెన్‌డ్రైవు నుండి లైనక్సును తిరిగి నిలుపవలెనను ఒక్క నియమము చాలును. ఒక పీరియడులో కాకున్నను రెండు పీరియడులలో ఆ పని ముగియును. మూడవమాఱు చేసినప్పుడు ఒకటి చాలును.